గ్రామమున ఆటపలకల పరిశ్రమ

పల్నాటి గ్రామములలో దేవాలయ మండపముల నేలమీదను, రచ్చబండల రాళ్ళమీదను ఉలితో చెక్కిన గీతలు కానవచ్చుట కద్దు. క్రొత్తవారు వానిని తాపీపనివారి గుర్తులనుకొని దాటిపోవుదురు. ఊరి పెద్దలను అడిగినచో అవి పులిజూదపు గీతలని చెప్పుదురు. 3 పులులు, 15 మేకలు, 23 స్థానములు గల ఆట యిది. పులులు మేకలను దాటి చంపవలెను. మేకలు గుమిగూడి పులులను కదలనీయక బంధింపవలెను.

ఈ ఆటకు కావలసిన సామగ్రి యంతయు ఆటగాండ్ర చేతికందు దూరముననే దొరకెడిది. ఊరి రాయియే పలక. మూడు గులకరాళ్ళు పులులు, పదునైదు చింతపిక్కలు మేకలు. వామనగుంటలకు 14 గుంటలు గల పీటను ఊరి వడ్రంగి తొలిచి యిచ్చెడివాడు. పీట లేనివారు మట్టి అరుగుమీద గుంటలు తీసికొని ఆడుకొనెడివారు. అష్టాచెమ్మకు 25 గళ్ళు సుద్దముక్కతో గీసిన చాలును. గవ్వలు దొరకనిచోట చింతపిక్కను గరుకురాతిపై ఒక ప్రక్క అరగదీసి, లోపలి తెలుపు బయటపడునట్లు చేసి, అట్టి నాలుగింటిని గవ్వలకు బదులు వేసెడివారు. నాలుగును తెల్లగా పడినచో చెమ్మ, నాలుగును నల్లగా పడినచో అష్ట.

నేడు ఆటవస్తువు అనగా అంగడిలో కొను పెట్టె యని పిల్లలు భావించుచున్నారు. ఆ పెట్టెలోని ఆటలలో కొన్ని మనవే. మన పచ్చీసును కొంత కుదించి, 1896లో ఇంగ్లండు దేశమున లూడో అను పేర పేటెంటు పొందిరి. వైకుంఠపాళి తన పుణ్యపాపముల పేరులను విడిచి అచ్చట పాములు నిచ్చెనల ఆటగా మారినది. గుడ్డమీదను పీటమీదను ఇచ్చటినుండి వెడలిన ఆటలు అట్టపలకతోను, ప్లాస్టిక్కు కాయలతోను తిరిగివచ్చి మన సంతలలో అమ్ముడుపోవుచున్నవి. ఇందు నొచ్చుకొనవలసినది లేదు. ఆటలు దేశములు తిరుగుట మంచిదే. అయితే ఆ పెట్టెకు తండ్రి చెల్లించు పైకములో అతని ఊరి వడ్రంగికిగాని, కుట్టుపని చేయు స్త్రీకిగాని, రాతిపనివానికిగాని ఒక్క రూపాయియు చెందుటలేదు. పంచాయతీ సభ్యులు ఆలోచింపవలసిన విషయము ఇచ్చట నున్నది.

మాచవరము మండలములోను, దాని చుట్టుపట్ల పిడుగురాళ్ళ, దాచేపల్లి, గురజాల ప్రాంతములలోను ఇట్టి ఆటపలకలను గ్రామముననే తయారుచేయుటకు ఏ వస్తువులు అనువైనవో, చేయువారికిని, చెట్టుకును, ఆడుకొను బిడ్డకును కీడు కలుగకుండ ఈ పనిని ఎట్లు నడుపవచ్చునో ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

దూరపు తయారీలోని చిక్కులు

ముందుగా, దూరమున తయారగు సరకులో కలుగు ఇబ్బంది ఎట్టిదో చూతము. 2007లో అమెరికాలోని మాటెల్ అను పెద్ద ఆటవస్తువుల సంస్థ, చైనాలో తయారైన తన బొమ్మలలో కొన్నింటికి సీసము కలిసిన రంగు పూయబడినదని తేలుటచే, లక్షలకొలది బొమ్మలను అంగళ్ళనుండి వెనుకకు రప్పించుకొనవలసి వచ్చెను. సీసము పిల్లల మెదడు ఎదుగుదలకు హాని చేయును. ఇంతవరకు శరీరములో చేరినను ఫరవాలేదని చెప్పదగిన హద్దు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. రంగు పూసినవాడు ఒక దేశమున, బొమ్మపై పేరు వేసినవాడు ఒక దేశమున, దానిని నోట పెట్టుకొను బిడ్డ మరియొక దేశమున ఉన్నపుడు తప్పు బయటపడుట ఆలస్యమగును.

2025 ఏప్రిల్ నెలలో అమెరికా ప్రభుత్వము చైనా సరకులపై సుంకమును 145 శాతము వరకు పెంచినది. మే నెలలో దానిని తగ్గించిరి. ఆ కొద్ది వారములలోనే, తమ ఆటపెట్టెలను చైనాలో చేయించుకొనుచున్న అమెరికా ప్రచురణకర్తలనేకులు తయారైన సరకును ఓడ కెక్కించుటకు జంకిరి. స్వదేశమున చేయించుకొందమన్నచో అట్టి కర్మాగారములు వారికి తగినన్ని లేవు. పని నేర్చిన చేతులను ఒకసారి పోగొట్టుకొన్న తరువాత సుంకము పెంచినంతమాత్రమున అవి తిరిగిరావు.

మన దేశమును దిగుమతియగు ఆటవస్తువులపై సుంకమును 2020లో 20 నుండి 60 శాతమునకును, 2023లో 70 శాతమునకును పెంచినది. ఇది మన పనివారికి కొంత ఊపిరి నిచ్చును. ఆ ఊపిరిని వినియోగించుకొనగల పనివారు ఊరిలో మిగిలియున్నారా యనునదే ప్రశ్న.

ఏటికొప్పాక చెప్పు పాఠము

ఈ విషయమున మన రాష్ట్రమున అందరికంటె ఎక్కువ చెప్పదగిన ఊరు ఏటికొప్పాక. ఇది నేటి అనకాపల్లి జిల్లాలో వరాహనది యొడ్డున నున్నది. ఇచ్చటి పనివారు అంకుడు కర్రను తరిమెనపై, అనగా లేతుయంత్రముపై, పట్టి బొమ్మలు, బొంగరములు, గిన్నెలు, ఆటకాయలు తీయుదురు. అంకుడు మెత్తనిది, సన్నని నార గలది. ఉలికి సులువుగా లొంగును. కర్ర తిరుగుచుండగనే రంగు కలిపిన లక్క కడ్డీని దానికి ఒత్తుదురు. ఒరిపిడి వేడికి లక్క కరగి కర్రకు పట్టుకొనును. పిమ్మట మొగలి ఆకుతో ఒత్తి మెరుగు తీయుదురు. ఇందు కుంచె లేదు, రంగును పలుచన చేయుటకు ఘాటైన ద్రావకములు లేవు. లక్క చెట్టుకొమ్మలపై లక్కపురుగు కట్టు జిగట పదార్థము.

ఇంత చక్కని పద్ధతి గల ఊరికిని కష్టకాలము తప్పలేదు. కూరగాయ రంగులకు మారుగా చవుకగా దొరకు రసాయనపు రంగులు లక్కలోనికి వచ్చినవి. పనివారి దినకూలి గిట్టుబాటు కాక యువకులు ఇతర పనులకు మరలిరి. ఆ ఊరివారైన శ్రీ చింతలపాటి వేంకటపతిరాజు గారు పాత రంగులను మరల వెదకుటకు పూనుకొనిరి. పసుపు, జాఫ్రా గింజలు, నీలి మున్నగు మొక్కల రంగులను లక్కతో కలియునట్లు చేయుటకు వారు పనివారితో కూడి ఏండ్లతరబడి ప్రయోగములు చేసిరి. ఇది పలుకుటకు సులభము. గుడ్డకు పట్టు మొక్కరంగు లక్కకు పట్టదు. వేడికి కొన్ని రంగులు మాడిపోవును. కొన్ని ఎండకు వెలిసిపోవును. ఒక్కొక్క వన్నెకు ఒక్కొక్క మార్గము కనుగొనవలసి వచ్చినది.

ఫలితము నేడు అందరికిని తెలిసినదే. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. 2020 ఆగస్టు 30న ప్రధానమంత్రి తమ రేడియో ప్రసంగములో రాజుగారి కృషిని ప్రస్తావించిరి. 2023లో రాజుగారికి పద్మశ్రీ లభించినది. 2025 గణతంత్ర దినోత్సవమున ఢిల్లీ వీధులలో ఆంధ్రప్రదేశ్ శకటముపై సాగినవి ఈ బొమ్మలే.

పొగడ్తకంటె మనకు ముఖ్యమైనది వేరొకటి కలదు. రంగు సమస్య తీరినను కర్ర సమస్య మిగిలినది. అమ్మకము పెరిగినకొలది అంకుడు కర్ర ఎక్కువగా కావలసివచ్చును. కొండపల్లి బొమ్మల పనివారికి తెల్లపొణికి కర్రతో ఇదే యిబ్బంది. ఆ చెట్టు అరుదైపోవుటచే వారు కర్రకై వెదకులాడవలసి వచ్చుచున్నది. తెల్లపొణికి విత్తనపు పెంకు గట్టిది, మొలకెత్తుట కష్టము. అంకుడు అంత మొండిది కాదు. మొదలంట నరకక కొమ్మలను తీసికొన్నచో మరల చిగుర్చును. ఈ భేదమును తెలిసికొనని గ్రామము మంచి ఉద్దేశముతోనే పది యేండ్లలో తన అడవిని ఖాళీ చేసికొనగలదు.

కావున మాచవరములో తరిమెనలు నెలకొల్పుటతో పని ఆరంభింపరాదని మా అభిప్రాయము. ఆటకు కావలసిన చిన్నకాయలను, పావులను ఏటికొప్పాక పనివారివద్దనే టోకుగా కొనుట మేలు. వారి చేతినేర్పు తరతరములది. మూడునెలల శిక్షణతో దానికి పోటీ నిలువలేము, నిలువవలసిన పనియు లేదు. ఇంతలో చెరువుగట్టులమీదను, బడి ఆవరణలలోను, శ్మశానవాటికల చుట్టును అంకుడు మొక్కలను నాటించినచో, ఊరిలో తరిమెన పెట్టదలచిన నాటికి కర్ర సిద్ధముగా నుండును. అంకుడు మెట్టసీమలకు అలవాటుపడిన చెట్టు. పల్నాటి ఎండలకు వెరవదు.

ఊరిలో దొరకు వస్తువులు

పల్నాడు రాతిసీమ. పిడుగురాళ్ళ సున్నపు బట్టీలు, దాచేపల్లి సిమెంటు కర్మాగారములు, మాచర్ల నాపరాళ్ళు ఎరుగనివారు లేరు. నాపరాళ్ళను కొలతకు కోయునపుడు అంచుముక్కలు మిగిలి గుట్టలు పడును. అట్టి ముక్కలు పులిజూదపు పలకకును, దాడి పలకకును సరిపోవును. మన జిల్లాలోని దుర్గి గ్రామపు రాతిశిల్పములకు భౌగోళిక గుర్తింపు కలదు; గీత లోతు ఎంత ఉండవలెను, అంచు ఎట్లు గుండ్రదీయవలెను అను విషయములలో దుర్గి శిల్పులను మించిన గురువులు మనకు దొరకరు.

రాతిపలకకు ఒక లోపము కలదు. అడుగు చదరము, ముప్పాతిక అంగుళము మందము గల నాపరాయి సుమారు నాలుగున్నర కిలోలు తూగును. తపాలా ఖర్చు వస్తువు వెలను మించును. కావున రాతిపలక దూరపు అమ్మకమునకు తగదు. బడి వరండాకు, రచ్చబండకు, పంచాయతీ కార్యాలయపు అరుగునకు తగును. రాయి చెక్కువారు తప్పక తడిపి చెక్కవలెను. పొడిగా యంత్రముతో కోసినపుడు లేచు ధూళి ఊపిరితిత్తులలో చేరి మరల బయటికి రాదు. ముక్కునకు కట్టుకొను తువ్వాలు ఆ సన్నని ధూళిని ఆపజాలదు. పెద్ద ఖర్చు లేని కట్టుబాటు ఇది. అయినను సభ్యులెవరైనను వెళ్ళి చూడనిచో పాటింపబడదు.

దూరపు అమ్మకమునకు గుడ్డపలకయే సరి. పచ్చీసు మొదటినుండియు గుడ్డపై ఆడిన ఆట. పల్నాడు ప్రత్తి పండించు సీమయే. ఆ ప్రత్తి దూరపు మిల్లులకు పోయి గుడ్డగా తిరిగివచ్చుచున్నది. మంగళగిరి చేనేతవంటి దళసరి గుడ్డ దగ్గరలోనే దొరకును. గళ్ళను గుడ్డపై అచ్చువేయుటకు కృష్ణానది దిగువన, మచిలీపట్నము చెంతనున్న పెడన పనివారి పద్ధతిని అనుసరింపవచ్చును. వారు గుడ్డను ముందుగా కరక్కాయ కషాయములో నానబెట్టుదురు. ఇనుపముక్కలను బెల్లపునీటిలో పులియబెట్టగా వచ్చు ద్రవముతో కొయ్య అచ్చును అద్దినచో, అది కరక్కాయతో కలిసి నల్లని గీత యగును. ఎరుపు కావలసినచోట పటికనీటితో అచ్చువేసి, మంజిష్ఠ వంటి వేరు వేసిన నీటిలో ఉడికింతురు. పటిక తగిలినచోటనే ఎరుపు నిలుచును. ఆటపలకకు రెండు రంగులు చాలును గనుక కలంకారీలోని కష్టమంతయు మనకు లేదు. నలుపుగీత ఒక్కటియే అచ్చువేసి, ఎరుపు గళ్ళను గుడ్డముక్కలతో కుట్టినను అందముగా నుండును. ఒక్క హెచ్చరిక: మొక్కరంగు నీరైనను చెరువులోనికి వదలరాదు. దానికై ప్రత్యేకముగా ఇంకుడుగుంట త్రవ్వించవలెను.

పీటలకు వేపకర్ర మంచిది. వడ్రంగి వాకిటిలో ద్వారబంధములు చేయగా మిగిలిన ముక్కలతో 14 గుంటల పీట చేయవచ్చును. పీటను మధ్య మడత బందుతో రెండుగా చేసినచో మూసిపెట్టినపుడు చింతపిక్కలు లోపలనే యుండును. రక్షితారణ్యమునుండి కర్ర తేరాదు. పంచాయతీ స్థలములోని చెట్టు కొట్టవలసివచ్చినను 2002 నాటి నీరు, భూమి, వృక్షముల చట్టము, అనగా వాల్టా, ప్రకారము అనుమతి పొందవలెను. సముద్రపు గవ్వలకు మారుగా మన అరగదీసిన చింతపిక్కలనే వాడుట ఉత్తమము. పట్టణములవారికి అదియొక వింతగా తోచి, సంచికి అందము తెచ్చును.

కూలి లెక్క

ఇట్టి పరిశ్రమలు చాలవరకు చెడిపోవునది సరకు చెడుగుండుటచేత కాదు. ధర నిర్ణయించుట తెలియకపోవుటచేత. లెక్క నడక తెలియుటకై కొన్ని అంకెలను ఊహించుకొందము. ఇవి మార్కెట్టు ధరలు కావు, ఉదాహరణములు మాత్రమే.

ఒక అష్టాచెమ్మ గుడ్డను కత్తిరించి, అచ్చువేసి, అంచు కుట్టి, చింతపిక్కలను అరగదీసి, కాయలతో సంచిలో పెట్టుటకు ఒక స్త్రీకి 2 గంటలు పట్టుననుకొందము. 8 గంటల దినమున 4 సంచులు తయారగును. దినకూలి 400 రూపాయలైనచో ఒక సంచిపై కూలి 100 రూపాయలు. గుడ్డ, రంగు, దారము, కాయలకు 60 రూపాయలు. పాడైన సరకునకును, అచ్చుల అరుగుదలకును 15 రూపాయలు. వెరసి 175. సంఘపు నిలువనిధికి 25 చేర్చగా 200 అగును. అంగడివాడు అమ్మకపు ధరలో మూడవవంతు తన భాగముగా కోరినచో గిరాకి చెల్లింపవలసినది 300 రూపాయలు.

ఇప్పుడు పట్టణపు వర్తకుడొకడు వచ్చి, "సంచి 120 రూపాయలకు ఇండు, వేయి సంచులు కొందును" అనెననుకొందము. వేయి అను మాట వినగనే సంఘసభ్యులకు ఉత్సాహము పుట్టును. కాని 175 రూపాయల ఖర్చుగల సంచిని 120కి ఇచ్చినచో తక్కువైన 55 రూపాయలు ఎచ్చటినుండి రావలెను? గుడ్డ అమ్మువాడు తగ్గింపడు. దారము అమ్మువాడు తగ్గింపడు. తగ్గునది కూలియే. సంచికి 100 రూపాయలుండవలసిన కూలి 45కు దిగును. దినకూలి 400 నుండి 180కి పడిపోవును. ఆ స్త్రీ మిరపకోతకు పోయినను అంతకంటె ఎక్కువ తెచ్చుకొనును. నాలుగు నెలలలో సంఘము మూతపడి, "మన ఊరిలో పరిశ్రమలు నిలువవు" అను అపవాదు మాత్రము మిగులును.

కూలి తగ్గినపుడు మరియొక కీడు కూడ ప్రవేశించును. నష్టమును పూడ్చుకొనుటకు బడిపిల్లల చేతులు పనిలోనికి వచ్చును. 2016లో సవరింపబడిన బాలకార్మిక చట్టము 14 సంవత్సరములలోపు పిల్లలను పనిలో పెట్టుటను నిషేధించుచున్నది. బడివేళల తరువాత ప్రమాదము లేని కుటుంబపు పనిలో సాయపడుటకు అది మినహాయింపు నిచ్చినది. ఆటవస్తువుల పనిలో ఆ మినహాయింపును సైతము వాడుకొనకుండుటయే మేలని మా సలహా. ఒక పిల్ల ఆడుకొనుటకై వేరొక పిల్ల సాయంకాలపు ఆటను మానుకొనుట న్యాయము కాదు.

అందుచేత డ్వాక్రా సంఘమైనను, చేతిపనివారి సహకార సంఘమైనను, పని ఆరంభించుటకు ముందే ఒక సంచికి ఎంత సేపు పట్టునో గడియారము పెట్టి చూచి, కూలిని వ్రాతలో నిర్ణయించి, ఆ కాగితమును గ్రామసభలో చదివి వినిపింపవలెను. కనీసవేతనమునకు తక్కువగు ధరకు సరకు ఇవ్వరాదని తీర్మానమున చేర్చవలెను. వేయి సంచుల వర్తకుని త్రిప్పిపంపుటకు ఆ తీర్మానము సంఘమునకు ధైర్యము నిచ్చును.

చట్టమును, పంచాయతీయును

2020 నాటి ఆటవస్తువుల నాణ్యతా నియంత్రణ ఉత్తరువు 2021 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినది. 14 సంవత్సరములలోపు పిల్లలకై చేసి అమ్ము ఆటవస్తువులకు భారతీయ ప్రమాణముల సంస్థవారి ఐ.ఎస్.ఐ. ముద్ర ఉండవలెనని దాని సారాంశము. హస్తకళల అభివృద్ధి కమిషనరు కార్యాలయమున నమోదైన చేతిపనివారు చేసి అమ్ము వస్తువులకు ఇందు మినహాయింపు కలదు. భౌగోళిక గుర్తింపు గల వస్తువులకును, నమోదైన హక్కుదారులును అధికృత వినియోగదారులును చేసినపుడు, మినహాయింపు కలదు. మాచవరములో చెక్కిన పలకపై దుర్గి పేరు వేసినంతమాత్రమున ఆ మినహాయింపు వర్తింపదు; అట్లు వేయుట నేరము కూడ. కావున పనివారిచేత 'పహచాన్' అను గుర్తింపు కార్డునకు ముందుగా దరఖాస్తు చేయించుడు.

మినహాయింపు కలదు గదా యని జాగ్రత్త మానరాదు. చింతపిక్కలు, చిన్నకాయలు మూడేండ్లలోపు బిడ్డల గొంతులో అడ్డుపడగలవు. అంగన్‌వాడీ కేంద్రములకు ఇచ్చు సంచులలో చిన్నకాయలు ఉంచరాదు. పిడికిట పట్టునంత పెద్ద కొయ్యకాయలనే ఇయ్యవలెను. ప్రతి సంచిపై ఏ వయసువారికి తగునో తెలుగులో అచ్చువేయవలెను.

ప్రధానమంత్రి విశ్వకర్మ పథకము 2023 సెప్టెంబరు 17న ఆరంభమైనది. అందులోని 18 వృత్తులలో వడ్రంగులు, శిల్పులు, సంప్రదాయ బొమ్మల పనివారు కలరు. శిక్షణ దినములలో రోజునకు 500 రూపాయల భత్యము, పనిముట్లకు 15,000 రూపాయలు, హామీ లేకుండ 5 శాతము వడ్డీకి మొదట లక్ష రూపాయల వరకును, దానిని తీర్చిన పిదప రెండు లక్షల వరకును అప్పు ఇందు లభించును. కుటుంబమునకు ఒక్కరే అర్హులు. ఈ పథకమున దరఖాస్తును మొదట పరిశీలించి అంగీకరించునది గ్రామపంచాయతీ అధ్యక్షుడే. సర్పంచి గారి వద్ద దరఖాస్తు నిలిచిపోయినచో పైవారు చేయగలిగినది తక్కువ. అర్హుడైన వడ్రంగిని ఆలస్యము లేక పంపుటయు, ఏనాడును ఉలి పట్టని బంధువును వడ్రంగి యని పంపకుండుటయు సర్పంచి చేతిలోనే యున్నవి.

1993లో అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పదునొకండవ షెడ్యూలున పంచాయతీలకు తగిన 29 విషయములను చేర్చినది. వానిలో 6వది సామాజిక అడవుల పెంపకము, 9వది ఖాదీ, గ్రామ, కుటీర పరిశ్రమలు, 22వది సంతలు, తిరునాళ్ళు. ఎంతెంత అధికారము ఇయ్యవలెనో నిర్ణయించునది రాష్ట్ర చట్టము. అయినను మొక్కలు నాటించుటకు, సంతలో ఊరి సరకునకు ఒక బల్ల కేటాయించుటకు, బడికి ఒక పలక కొనుటకు గ్రామసభ తీర్మానము చేయుటలో అడ్డంకి లేదు.

అమ్మకము విషయములో మొదటి గిరాకి మన బడులే. ఇంటి చెంతనే వాడి చూచినచో గీత చెరిగినది, కుట్టు వీడినది, కాయ పోయినది వెంటనే తెలియును. రెండవది తిరునాళ్ళు, మహాశివరాత్రికి నరసరావుపేట చెంతనున్న కోటప్పకొండకు వచ్చు జనమును మించిన గిరాకి పల్నాటిలో లేదు. నాగార్జునకొండను చూడవచ్చు యాత్రికులకును గుడ్డపలక తేలికయైన జ్ఞాపిక. రాష్ట్ర హస్తకళాభివృద్ధి సంస్థవారి లేపాక్షి విక్రయశాలలకు నమూనాలు పంపుట ఆ తరువాతి మాట.

పెద్దలు కొందరు ఇందుకు ఆక్షేపణ చెప్పవచ్చును. కోడిపోరుతో రగిలిన పగ కారెంపూడి యుద్ధమునకు దారితీసినదని చెప్పుకొను సీమ ఇది. పులిజూదములో జూదమను మాటయే యున్నది. ఆక్షేపణ తోసిపుచ్చదగినది కాదు. పందెము ఒడ్డి ఆడుట 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టమునకు లోబడిన నేరము కాగలదు. పులిజూదమున మాత్రము పాచిక లేదు, అదృష్టము లేదు. ఎత్తుకు పైఎత్తు వేయుటయే కలదు. సంచిపై 'మేకాపులి' అను పేరు వేసినచో పెద్దల సంశయము తీరగలదు. రచ్చబండ పలక వద్ద డబ్బు కనబడినచో దానిని ఆపు బాధ్యత అచ్చట కూర్చుండు పెద్దలదే.

మొదటి పలకను చేయించు విధము

ఖర్చు లేకుండ ఈ పని ఆరంభింపదలచిన పంచాయతీ ఒక నాపరాతి ముక్కను, ఒక రాతిపనివానిని, ఒక పూటను సమకూర్చుకొన్న చాలును. రాతిపై ముందుగా బొగ్గుతో గీయవలెను. పైన మధ్యగా ఒక చుక్క పెట్టుడు, ఇది శిఖరము. దానినుండి క్రిందికి విసనకఱ్ఱ వలె విచ్చుకొను నాలుగు ఏటవాలు గీతలు గీసి, వాని కొసలను అడుగున ఒక అడ్డగీతతో కలుపుడు. శిఖరమునకును అడుగు గీతకును నడుమ మూడు అడ్డగీతలు గీయుడు. ఈ మూడును ఏటవాలు గీతలను దాటి రెండు ప్రక్కల కొంత బయటికి రావలెను. బయటికి వచ్చిన కొసలను కుడివైపున ఒకటి, ఎడమవైపున ఒకటి నిలువుగీతలతో కలుపుడు. శిఖరము 1, మూడు అడ్డగీతలపై ఆరేసి చొప్పున 18, అడుగున 4, మొత్తము 23 స్థానములు వచ్చినచో గీత సరియైనది. ప్రతి స్థానమున కాయ నిలుచునట్లు వ్రేలికొస పట్టునంత చిన్నగుంట తొలిపించి, గీతలను తడిపి చెక్కింపవలెను.

ఆట ఆరంభమున పులులను నిలిపి, మేకలను ఒక్కొక్కటిగా దింపవలెను. పదునైదును దిగువరకు మేకలు కదలరాదు, పులులు కదలవచ్చును. ప్రక్కనున్న మేకకు ఆవల స్థానము ఖాళీగా నున్నచో పులి దానిని దాటి చంపును.